బాబాయి వాచీలో 22, నా వాచీలో 61

మొన్న ఆదివారం కేబీఆర్ పార్కులో వాకింగ్ అయ్యాక బాబాయి తన స్మార్ట్‌వాచీ నా ముందు పెట్టి "ఒరేయ్, ఈ హెచ్‌ఆర్‌వీ ఏంట్రా, నాది 22, నీది 61, నా గుండెకేమన్నా అయిందా?" అన్నాడు. ఆయనకి 70, నాకు 30. బీపీ, షుగర్ లేవు, నాకంటే ముందే రౌండ్ పూర్తి చేస్తాడు. కూర్చుంటే పల్స్ ఇద్దరికీ 66 దగ్గరే.

గుండె గడియారంలా ఒకే తీరుగా కొట్టుకోవాలని మనవాళ్లకో నమ్మకం, స్కూల్లో కూడా నిమిషానికి 72 అని చెప్పి వదిలేస్తారు. అసలైతే బీట్‌కీ బీట్‌కీ మధ్య గ్యాప్ 890 మిల్లీసెకన్లు, తర్వాత 940, తర్వాత 905, ఇలా మారుతూనే ఉంటుంది. ఆ మార్పే హెచ్‌ఆర్‌వీ, అంటే హార్ట్ రేట్ వేరియబిలిటీ, వాచీ దాన్ని మిల్లీసెకన్లలో చూపిస్తుంది.

ఇప్పుడు నాకు పిచ్చిగా నచ్చే లెక్క. గుండెకి సొంత స్పీడ్ ఒకటుంది. 1970లో జోస్, కొల్లిసన్ అనే పరిశోధకులు నరాల కంట్రోల్‌ని మందులతో ఆపేసి దాన్ని కొలిచారు: 118.1 లోంచి వయసు ఇంటూ 0.57 తీసేయాలి, సగటున అంతే. నాకు 101, బాబాయికి 78. మరి ఇద్దరికీ 66 ఎలా వచ్చింది? మెదడు నుంచి గుండెకొచ్చే వేగస్ నరం బ్రేక్ నొక్కిపట్టింది కాబట్టి. ఫ్లైఓవర్ దిగుతున్న ఆటోవాలా బ్రేక్ మీద కాలు తీయకుండా కాస్త నొక్కుతూ కాస్త వదులుతూ ఉంటాడే, అచ్చం అలాగే, ఊపిరి పీలిస్తే బ్రేక్ వదులవుతుంది, విడిస్తే పడుతుంది. ఆ నరం వదిలే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం సెకను లోపే పనిచేసి వెంటనే విరిగిపోతుంది, అందుకే ఒక్కో బీట్‌నీ విడిగా మార్చగలదు, యాక్సిలరేటర్ లాంటి నార్‌ఎడ్రినలిన్‌కి కొన్ని సెకన్లు పడుతుంది. యాక్సిలరేటర్ పెంచేది పోగా నికరంగా నా బ్రేక్ ఆపుతున్నది 35 బీట్లు, బాబాయిది 12. ఇంజన్, బ్రేక్ రెండూ కలిసే తగ్గాయి కాబట్టి పల్స్‌లో తేడా కనపడలేదు, హెచ్‌ఆర్‌వీలో కనపడింది!

బ్రేక్ తగ్గడానికి రక్తనాళాలు కూడా కారణమే. వయసుతో అవి గట్టిపడితే, మెడ దగ్గర నాళం సాగడాన్ని పసిగట్టే సెన్సర్లు వేగస్‌కి పంపే కబురు తగ్గుతుంది. ఇది జబ్బు కాదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ అంతే. పైగా పెద్దవయసులో నంబర్ ఉన్నట్టుండి పెరిగితే సంబరపడకూడదు, గుండె లయ తప్పినా అది పెరుగుతుంది, అప్పుడు ఈసీజీ తీయించాలి.

బెంచీ మీదే ఇద్దరం ఐదు సెకన్లు పీల్చి ఐదు సెకన్లు విడుస్తూ ఒక నిమిషం కూర్చున్నాం. నా పల్స్ 58కి దిగి 76కి ఎక్కుతోంది, ఆయనది 63 నుంచి 69. "ఊగుతోందిరా నాది కూడా" అని బాబాయి ఇంకో నిమిషం పీల్చాడు.