తోడి గాంధారం ఎవరికి పరాయిది?

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసే ఏకాండి వీణకు 24 మెట్లుంటాయి. అలాగని గాంధారం (సరిగమల్లోని గ) పలికించడానికి వేలు గాంధారం మెట్టు మీదే ఉండాలని లేదు. రిషభం మెట్టు మీద తంతిని నొక్కి పక్కకు లాగితే బిగువు పెరిగి స్వరం పైకి లేస్తుంది. తోడి రాగంలో శుద్ధ రిషభం నుంచి సాధారణ గాంధారాన్ని అలా అందుకోవాలంటే బిగువు సుమారు 27 శాతం పెరగాలి. వైణికుల వేళ్ల మీద గాట్లు ఊరికే పడవు.

పాశ్చాత్య సంగీతం నేర్చినవారు ఈ లాగుడును అలంకారమనే అనుకుంటారు. వారి కొలబద్ద కార్డ్, అంటే కొన్ని స్వరాలను ఒకేసారి మోగించడం. షడ్జాన్ని సెకనుకు 240 కంపనాలుగా పెట్టుకుంటే, స-గ-ప కలిసిన మేజర్ కార్డ్‌లో 240, 300, 360 మోగుతాయి. ఇక్కడి గాంధారం తోడిలోని సాధారణ గాంధారం కన్నా పైనుండే అంతర గాంధారం. దాని మీద పాడే మధ్యమం, అంటే 320, పరాయి స్వరం. గాంధారం నుంచి పంచమానికి పోతూ దాన్ని తాకితే పాసింగ్ నోట్. అంతకుముందు కార్డ్‌లో సొంత స్వరంగా ఉండి, కార్డ్ మారినా కదలక, కాస్త ఆగి గాంధారానికి దిగితే సస్పెన్షన్. రుచంతా ఈ రెండోదానిలోనే ఉంది. 320, 300 కలిసి మోగితే సెకనుకు 20 విస్పందనాలు, అంటే ధ్వని పెరిగి తగ్గే హెచ్చుతగ్గులు, పుడతాయి. చెవి వాటిని లెక్కపెట్టలేదు, గరుకుదనంగా వింటుంది. మధ్యమం దిగగానే ఆ గరుకు పోతుంది. అపశ్రుతికి 1863లో హెల్మ్‌హోల్ట్జ్ చెప్పిన కారణం స్థూలంగా ఇదే.

కర్ణాటక సంగీతంలో కార్డ్ లేదు. తంబూర షడ్జ పంచమాలు మోగిస్తుంటే, ఎవరు పరాయివారో రాగమే తేలుస్తుంది. బిలహరి రాగంలో తొంగిచూసే కైశికి నిషాదం అలాంటి అన్యస్వరం. తోడి గాంధారం కథ వేరు. అది రిషభ మధ్యమాల మధ్య ఊగుతూనే ఉంటుంది. ఆ కంపితం (ఊగడం) తీసేసి సాధారణ గాంధారపు చోటైన 288 దగ్గర నిలబెడితే స్వరస్థానం సరిగ్గానే ఉంటుంది, తోడి మాత్రం వినిపించదు. ఇంత అవసరమైనదాన్ని అలంకారమనడం నాకు నచ్చదు.

1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో చదివిన ఘంటసాల వంటివారు సినిమాకు వెళ్లాక రాగం కింద కార్డులు వినిపించే వాద్యబృందంతో పనిచేయవలసి వచ్చింది. మోహన వంటి రాగాలకు ఆ పొత్తు సులువుగా కుదురుతుంది. తోడి కింద మైనర్ కార్డ్, అంటే షడ్జ పంచమాల మధ్య సాధారణ గాంధారం ఉన్నది, పెడితే చిక్కు. కార్డ్‌లోని గాంధారం 288 దగ్గర కదలకుండా ఉంటుంది, గొంతులోది 256 నుంచి 320 దాకా ఊగుతుంది. రెండు కొసల్లోనూ తేడా 32, అంటే సెకనుకు 32 విస్పందనాలు, మళ్లీ గరుకే. కార్డ్‌లోంచి గాంధారాన్ని తీసేస్తే ఈ గొడవ ఉండదు. అప్పుడు మిగిలేవి షడ్జ పంచమాలు, అంటే తంబూర మోగించేవే.