అలుక్కుపోయిన పేరు

అమీర్‌పేటలో ఎస్‌క్యూఎల్ (పట్టికల్లో దాచిన సమాచారాన్ని అడిగి రాబట్టే భాష) నేర్చుకుంటున్న ఒక అబ్బాయి అడిగాడు: "సార్, లెఫ్ట్ జాయిన్ పెడితే ఎడమ పట్టికలో వరసలన్నీ వస్తాయన్నారు. నాకు సగమే వస్తున్నాయి. ఎందుకు?" రెండు వలయాలు గీసి జాయిన్ (రెండు పట్టికల వరసలను జత కలపడం) అంటే ఇంతే అని చెప్పేస్తే వచ్చే తంటా ఇదే. జత దొరకని వరస ఎక్కడుంటుందో ఆ బొమ్మలో కనబడుతుంది. దాని పక్కన పడే ఖాళీ ఎలా ప్రవర్తిస్తుందో మాత్రం కనబడదు.

పెళ్లి చదివింపుల పుస్తకం తీసుకుందాం. ఒక పట్టికలో శుభలేఖలు అందుకున్న 400 మంది. రెండో పట్టికలో చదివింపులు: పేరు, ఊరు, మొత్తం. మొదటిదాన్ని ఎడమన పెట్టి పేరు మీద లెఫ్ట్ జాయిన్ చేస్తే చదివించినవాళ్ల పక్కన మొత్తం పడుతుంది, చదివించనివాళ్ల పక్కన నల్, అంటే విలువ లేదనే ఖాళీ గుర్తు, పడుతుంది. ఒకే పేరున రెండుసార్లు రాయించి ఉంటే ఆ వరస రెండుసార్లు వస్తుంది. తప్పిపోయేవాళ్లు మాత్రం ఉండరు.

మన అబ్బాయి దాని కింద వేర్ (వచ్చిన వరసలను వడగట్టే షరతు) పెట్టి 'మొత్తం 1000 కన్నా ఎక్కువ' అన్నాడు. నల్ వెయ్యి కన్నా ఎక్కువా? నిజమూ కాదు, అబద్ధమూ కాదు. 'తెలియదు'. వేర్ దగ్గర కూర్చున్న కాపలావాడు 'నిజం' అన్నవాళ్లనే లోపలికి వదులుతాడు. దాంతో చదివించనివాళ్లంతా గుమ్మం బయటే ఆగిపోయారు, లెఫ్ట్ జాయిన్ కాస్తా మామూలు జాయిన్ అయి కూర్చుంది. అదే షరతును ఆన్‌లోకి (జత ఎలా కలపాలో చెప్పే చోటికి) మారిస్తే జత కలిపేటప్పుడే చూసుకుంటుంది. కలవకపోతే పక్కన నల్ పెట్టి వరసను ఉంచుతుంది.

నల్‌ను సున్నా అనుకోవడం ఇంకో తప్పు. మనవాళ్లు 116, 516, 1116 అంటూ చివర సున్నా పడకుండా చూసుకుంటారు, సున్నా అశుభమట. ఆ నమ్మకం సంగతి ఎలా ఉన్నా, పుస్తకంలో ఒకరి పేరు కెదురుగా 0 ఉందంటే ఖాళీ కవరు ఇచ్చారని అర్థం. అసలు పేరే రాయించకపోవడం వేరు. 300 మంది 516 చొప్పున చదివించారనుకోండి. నల్‌లను పక్కన పెట్టేసే ఏవీజీ సగటును 516 అంటుంది. నల్ బదులు మనం చెప్పిన విలువ పెట్టే కోలెస్ వాడి మిగతా వందమందికీ సున్నాలు వేస్తే అదే 387 అవుతుంది. రెండు లెక్కలూ తప్పు కాదు, ప్రశ్నలు వేరు.

పట్టికల నమూనాను ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించాడు. నిజం, అబద్ధం, తెలియదు అనే మూడు విలువల తర్కాన్ని 1979 నాటి పత్రంలో చర్చించాడు. ఆయన సహచరుడు క్రిస్ డేట్ మాత్రం నల్ అంటేనే ఒప్పుకోలేదు. నాకూ ఒక్కోసారి డేటే నయమనిపిస్తుంది. నల్‌కు నల్ సమానమా అని జాయిన్‌ను అడిగితే తెలియదంటుంది, అదే ఒకే విలువున్న వరసలను గుంపు కట్టే గ్రూప్ బై అయితే నల్‌లన్నిటినీ ఒకే మూటలో కడుతుంది.

ఇక నాకు ఇష్టమైన చోటికి వద్దాం. మా అక్క పెళ్లి పుస్తకంలో ఒక వరస మీద మంచినీళ్లు ఒలికి పేరు అలుక్కుపోయింది. చివర 'రావు' ఒక్కటే మిగిలింది, ఎదురుగా 516. ఊళ్లో సగం మంది రావులే కాబట్టి పట్టికలో ఆ పేరు నల్ అనే వెయ్యాలి. ఇప్పుడు చదివించనివాళ్లెవరని నాట్ ఇన్‌తో ('ఈ జాబితాలో లేనివాళ్లు' అని) అడగండి. ఒక్క పేరూ రాదు!

సుబ్బారావునే తీసుకోండి. అతను పుస్తకంలో లేడనాలంటే ప్రతి పేరుతోనూ పోల్చి 'ఇతను కాదు' అనాలి. వెంకటేశ్వర్లు కాదు, నిజం. రామకోటయ్య కాదు, నిజం. అలుక్కుపోయిన పేరు? తెలియదు. నిజం, నిజం, తెలియదు కలిస్తే తెలియదు. కాపలావాడు ఆపేశాడు. పుస్తకంలో పేరు దొరకని అందరికీ ఇదే గతి. అదే ఇన్‌తో 'ఉన్నాడా' అని అడిగితే ఒక్క నిజం దొరికినా చాలు, మరక అడ్డురాదు.

నాట్ ఎగ్జిస్ట్స్ వాడమని అందరూ చెబుతారు, నేనూ చెబుతాను. అది 'ఇతనితో కచ్చితంగా కలిసే వరస ఒక్కటైనా ఉందా' అని చూస్తుంది. మరక ఎవరితోనూ కచ్చితంగా కలవదు కాబట్టి జాబితా బయటికొస్తుంది. కానీ ఆ 516 ఇచ్చిన పెద్దమనిషి కూడా చదివించనివాళ్లలో చేరిపోతాడు! నాట్ ఇన్ నోరు విప్పకపోవడంలో ఒక నిజాయితీ ఉంది: ఆ మరక వెనక ఎవరైనా ఉండొచ్చు, ఎవరినీ ఇవ్వలేదనలేను అంటుంది. అందుకే జాబితా తీసేముందు పేరు నల్‌గా ఉన్న వరసలెన్నో ఐజ్ నల్‌తో ఒకసారి లెక్కపెట్టుకుంటాను.

మా అమ్మది నాట్ ఇన్ పద్ధతి. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ ఊళ్లో ఏ రావుగారింట్లో శుభకార్యం జరిగినా 516కి తగ్గకుండా చదివించి వస్తుంది.