భుజం కుట్టించుకున్నాక మళ్లీ షటిల్ ఆడాలంటే: 50 దాటిన ఆటగాళ్ల అపోహలు - వాస్తవాలు

గచ్చిబౌలి నుంచి ఎల్బీ నగర్ దాకా ఈ ఊళ్లో షటిల్ కోర్టులకు కొదవ లేదు. తెల్లారకముందే రాకెట్ సంచి తగిలించుకుని బయల్దేరేవాళ్లలో 50, 60 దాటినవాళ్లూ బాగానే కనిపిస్తారు. ఆ వయసులో భుజంలో ముందుగా దెబ్బతినేది రొటేటర్ కఫ్. చేతి ఎముక గుండును దాని గుంటలో మధ్యకు పట్టి ఉంచే నాలుగు కండరాల టెండన్లను (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి తాళ్లను) కలిపి ఆ పేరుతో పిలుస్తారు. ఎక్కువగా చిరిగేది వాటిలో పైనుండే సూప్రాస్పినేటస్. చిరిగిన టెండన్‌ను ఆపరేషన్ చేసి కుట్టాక కోలుకోవడానికి ఇక్కడ రాసిన వారాల లెక్క మధ్యరకం చిరుగుకు సరిపోతుంది. మీ సర్జన్ వేరేగా చెప్పి ఉంటే ఆయన మాటే పాటించండి. లోపల టెండన్ ఎలా ఉందో చూసింది ఆయనే.

అపోహ: ఎమ్మారైలో చిరుగు కనబడితే ఆపరేషన్ తప్పదు.

ఏ నొప్పీ లేని 60 ఏళ్లవాళ్లకు ఎమ్మారై తీసినా చాలామందిలో ఎంతోకొంత చిరుగు కనబడుతుంది. నొప్పి మెల్లగా మొదలై, చెయ్యి ఇంకా పైకి లేస్తూనే ఉంటే ముందు మూడు నెలలు పద్ధతిగా వ్యాయామం చేసి చూడాలి. చాలామందికి దాంతోనే సరిపోతుంది. రిపోర్టు చదివి భయపడి టేబుల్ ఎక్కేయక్కర్లేదు.

దీనికి పూర్తిగా ఎదురు అపోహ ఇంకొకటుంది: ఎలాంటి దెబ్బయినా ఏడాది ఆగి చూద్దామనేది. కోర్టులో జారిపడి చేత్తో నేలను ఆనుకున్నాక ఉన్నట్టుండి చెయ్యి లేవడం మానేస్తే ఆగకూడదు. 40 దాటినవారికి భుజం జారినప్పుడు దాన్ని ఎక్కించి ఊరుకుంటే చాలదు, కఫ్ తెగిందేమో స్కాన్ తీయించాలి. తెగిన టెండన్ రోజులు గడిచేకొద్దీ వెనక్కి ముడుచుకుపోతుంది, దాని కండరంలో కొవ్వు చేరుతుంది. ఆ కొవ్వు చేరిక ఆపరేషన్ చేసినా దాదాపుగా వెనక్కి మళ్లదు. ఇలాంటప్పుడు పుత్తూరు కట్టు కట్టించుకుని నెలన్నర కూర్చుంటే టెండన్ కొసలు దగ్గరకు రావు సరికదా భుజం బిగుసుకుంటుంది, కుట్టడానికి అనువైన సమయమూ పోతుంది.

ఇంకో సంగతి. మెట్లెక్కినప్పుడో గబగబా నడిచినప్పుడో ఎడమ భుజం లాగుతూ, ఆగగానే తగ్గుతుంటే ఫిజియో దగ్గరకు పోవద్దు, ముందు గుండె డాక్టర్‌కు చూపించుకోండి.

అపోహ: నొప్పి పోయిందంటే టెండన్ అతుక్కున్నట్టే.

కుట్టిన భుజాల్ని చెడగొట్టేవాటిలో మా లెక్కన మొదటిది ఈ నమ్మకం. ఆపరేషన్‌లో ఎముకలో చిన్న యాంకర్లు బిగించి, వాటి దారాలతో టెండన్‌ను ఎముక మీదికి లాగి కడతారు. మొదటి వారాల్లో టెండన్‌ను పట్టి ఉంచేవి ఆ దారాలే. టెండన్‌కూ ఎముకకూ మధ్య శరీరం మెత్తటి కణజాలం పోస్తుంది, అది నెలల తరబడి మెల్లగా గట్టిపడుతుంది. మూడో నెలలో కూడా ఆ పని నడుస్తూనే ఉంటుంది. నొప్పి మాత్రం చాలామందికి రెండో నెలలోనే బాగా దిగిపోతుంది. "నొప్పే లేదు కద సార్, ఇంక ఈ పట్టీ ఎందుకు?" అనే ప్రశ్న అప్పుడే వస్తుంది. మళ్లీ తెగడాలు ఎక్కువగా జరిగేదీ మొదటి ఆరు నెలల్లోనే.

తెంపేది పెద్ద ప్రమాదమే కానక్కర్లేదు. 20 లీటర్ల నీళ్ల క్యాన్ డిస్పెన్సర్ మీద బోర్లించడం, బైకు సెంటర్ స్టాండ్ వేయడం, సిటీ బస్సు బ్రేకు కొట్టినప్పుడు పైకడ్డీని గట్టిగా పట్టుకోవడం, అటక మీది సూట్‌కేసు దించడం, దుకాణం షట్టర్ లాగడం. ఇవన్నీ కనీసం ఆరు నెలలదాకా ఇంకొకరి పని.

వారాల లెక్క స్థూలంగా ఇదీ: ఆరు వారాల వరకు స్లింగ్ (చేతిని మెడకు తగిలించి ఉంచే పట్టీ), భుజాన్ని దాని సొంత బలంతో లేపకూడదు. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య సొంత బలంతో లేపడం, బరువు లేకుండా. పన్నెండు వారాల తర్వాత రబ్బరు బ్యాండు, చిన్న బరువులు. ఆరు నెలలు నిండాకే తలపై కొట్టే షాట్ల మాట. పూర్తి మ్యాచ్‌కు తొమ్మిది నెలల నుంచి ఏడాది. పెద్ద చిరుగైనా, షుగర్ ఉన్నా, సిగరెట్ తాగినా ఇంకొంచెం నెమ్మది.

అపోహ: స్లింగ్ ఉన్నన్నాళ్లూ చెయ్యి కదపకూడదు.

కదపకూడనిది భుజం ఒక్కటే. వేళ్లు, మణికట్టు, మోచెయ్యి మొదటి రోజు నుంచే పనిచేయాలి: మెలకువగా ఉన్నప్పుడు రెండు గంటలకోసారి ఒక్కోదానికి పదిసార్లు. లేకపోతే చెయ్యి ఉబ్బుతుంది, మోచెయ్యి పట్టేస్తుంది. బైసెప్స్ టెండన్‌ను కూడా కుట్టి ఉంటే మాత్రం మోచేతిని రెండో చేత్తో పట్టుకుని మడవాలి. డిశ్చార్జి కాగితంలో బైసెప్స్ టెనోడెసిస్ అని ఉందేమో చూసుకోండి.

సర్జన్ ఒప్పుకున్నాక మొదలయ్యేది పెండ్యులమ్. మంచి చేత్తో బల్ల పట్టుకుని నడుము దగ్గర వంగి, ఆపరేషన్ అయిన చేతిని వదులుగా వేలాడదీయాలి. ఊపాల్సింది ఒంటిని, ఆ ఊపుకు చెయ్యి దానంతటదే తిరగాలి. సున్నా చిన్న పళ్లెమంత ఉంటే చాలు. పెద్ద సున్నాలు చుడితే విశ్రాంతిలో ఉండాల్సిన కండరం పనిలోకి దిగుతుంది. ఆ చేతిలో నీళ్ల సీసా పట్టుకోవడం ఈ దశలో వద్దు. ఆ తర్వాత బల్ల ముందు కూర్చుని, అరచేతి కింద టవల్ వేసి, ఒంటిని ముందుకు వంచుతూ చేతిని జరపడం. తలుపుకు తగిలించే పుల్లీ తాడు చూడ్డానికి సులువుగానే ఉంటుంది కానీ దానికి బల్ల మీద జరపడం కంటే కండరం ఎక్కువ పనిచేస్తుంది. ఆరు వారాలు దాటేదాకా దాని జోలికి పోవద్దు.

మత్తు గురించి ఒక జాగ్రత్త. మెడ పక్కన ఇచ్చే నరం మత్తుతో చెయ్యి దాదాపు ఒక రోజు మొద్దుబారి ఉంటుంది. నొప్పి మాత్రలు మొదలుపెట్టాల్సింది ఆ మొద్దుబారుదనం ఉండగానే. అర్ధరాత్రి మత్తు దిగాక మాత్ర వేసుకుంటే అది పనిచేసేదాకా నరకమే.

నిద్ర రిక్లైనర్‌లోనో, మంచం మీద వీపు వెనక మూడు దిండ్లు పెట్టుకునో. మోచేతి కింద మడిచిన దుప్పటి పెట్టాలి, మోచెయ్యి ఒంటి కంటే వెనక్కి పడిపోతే కుట్టు లాగుతుంది. ఎండాకాలంలో ఆపరేషన్ అయితే చంకలో చెమటకు చర్మం పాసిపోతుంది. రోజూ ముందుకు వంగి, చెయ్యి వేలాడుతుండగా తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. స్లింగ్‌తో బండి నడపకూడదని అందరికీ తెలుసు. వెనక కూర్చోవడం కూడా తప్పే: గుంతలో పడితే ముందుగా కదిలేది ఆ చెయ్యే.

అపోహ: ఫిజియో అంటే కరెంటు పెట్టించుకోవడం.

ఐఎఫ్‌టీ (చర్మం మీంచి సన్నటి కరెంటు పంపేది), అల్ట్రాసౌండ్ యంత్రాలు కాసేపు నొప్పిని మరిపిస్తాయేమో, టెండన్‌ను అతికించలేవు. పన్నెండు వారాలు దాటాక కూడా రోజూ అరగంట కరెంటు పెట్టి, వ్యాయామం లేకుండా పంపేస్తుంటే ఆ డబ్బు దండగ.

అసలు పని ఎలా ఉంటుందో ఒక్క వ్యాయామంతో చెబుతాం. ఆపరేషన్ కాని పక్కకు తిరిగి పడుకోండి. పైనున్న చేతి మోచెయ్యి 90 డిగ్రీలు మడిచి, మోచేతికీ పక్కటెముకలకూ మధ్య మడిచిన టవల్ పెట్టండి. మొదట ఖాళీ చేత్తో, తర్వాత అర కిలోతో ముంజేతిని పైకి తిప్పాలి. నిండా నీళ్లున్న అర లీటరు సీసా దాదాపు అర కిలో తూగుతుంది. పైకి రెండు సెకన్లు, కిందికి మూడు సెకన్లు. పదిసార్ల చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. మూడు విడతల్లోనూ పదిహేను తేలిగ్గా వచ్చాకే కిలోకు వెళ్లాలి. అందరూ తప్పేది ఒకచోటే: భుజం చెవి వైపు ఎగబాకుతుంది. అలా ఎగబాకిందంటే కఫ్ చేయాల్సిన పని మెడ కండరం చేస్తున్నట్టు. బరువు తగ్గించండి.

నొప్పి 10కి 3 లోపు ఉండి, మర్నాటికి మామూలైపోతే కొనసాగించవచ్చు. ఆ రాత్రి నిద్ర చెడితే తర్వాతిసారి సగమే.

అపోహ: బిగుసుకున్న భుజాన్ని బలవంతంగా విరిస్తేనే వస్తుంది.

ఆపరేషన్ తర్వాత కొంత బిగుతు మామూలే, నెలల మీద వదులుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువ. బిగుసుకున్న భుజాన్ని తర్వాతైనా వదులు చేయవచ్చు, లాగి తెంపిన కుట్టును సరిచేయడం అంత తేలిక కాదు. కళ్లనీళ్లు వచ్చేలా ఎవరైనా లాగుతుంటే ఆపమనండి.

అపోహ: కుట్లున్నప్పుడు పప్పు, వంకాయ, పులుపు తింటే చీము పడుతుంది.

చీము పట్టేది బ్యాక్టీరియా వల్ల. పప్పుకూ పెరుగుకూ దాంతో సంబంధం లేదు. పథ్యం పేరుతో కారప్పొడి అన్నం మీద నెల గడిపితే కండరం కరిగిపోతుంది, 60 దాటాక దాన్ని తిరిగి తెచ్చుకోవడం కష్టం. కోలుకునే రోజుల్లో కిలో ఒంటి బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. 70 కిలోల మనిషికి 84 నుంచి 105 గ్రాములు. రెండు గుడ్లతో 12, గ్లాసు పాలతో 8, కప్పు గట్టి పప్పుతో 7 లేదా 8, 150 గ్రాముల చికెన్‌తో 30 పైగా వస్తాయి. పెరుగు, పల్లీలు, అన్నం, రొట్టెలు మిగతాది పూరిస్తాయి. మాంసం తినకపోతే 50 గ్రాముల మీల్‌మేకర్‌లోనే 25 గ్రాముల దాకా ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్‌ను అడిగి లెక్క వేసుకోండి. పాయా తాగితే భుజం అతుక్కుంటుందా? రుచికి తాగండి. అందులో ఎక్కువగా ఉండేది జెలటిన్, కండరం పెరగడానికి అదొక్కటే చాలదు.

అపోహ: నొప్పి వచ్చినప్పుడల్లా ఒక స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయించుకుంటే ఆడేయొచ్చు.

ఒకటి, అవసరమైనచోట, సరే. పదేపదే వేస్తే టెండన్ బలహీనపడుతుంది. ఇంజక్షన్ వేసిన నెలలోపే ఆపరేషన్ చేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది కాబట్టి తేదీ సర్జన్‌కు తప్పక చెప్పండి. షుగర్ కొన్ని రోజులు ఎగబాకుతుంది, రోజూ చూసుకోవాలి.

అపోహ: షటిల్‌కాక్ తేలికే కదా, మూడు నెలలకే ఆడొచ్చు.

షటిల్‌కాక్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాములు, రాకెట్ 80 నుంచి 90 గ్రాములు. భుజం మీద భారం వాటిది కానే కాదు. స్మాష్‌లో విసురుగా వెళ్లే చేతిని, కాక్ తగిలాక రెప్పపాటులో ఆపాల్సింది కఫ్ వెనక భాగం. సాగుతూనే బ్రేకు వేయడం టెండన్‌కు చాలా కష్టమైన పని.

కోర్టుకు వెళ్లేముందు మూడు చూడండి. చెయ్యి నొప్పి లేకుండా చెవి పక్కకు వెళ్లాలి. ఆపరేషన్ అయిన చేతిని బయటికి తిప్పే బలం, రెండో చేతి బలంలో కనీసం 90 శాతం ఉండాలి. ఆడే చెయ్యే అయితే రెండూ సమానమవడం మేలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిహేనుసార్లు తేలిగ్గా లేవగలగాలి, ఎందుకంటే షాట్ బలం పాదం నుంచి, నడుము నుంచి వస్తుంది. కాళ్లు సోమరిపోతే ఆ లోటు భుజం పూడుస్తుంది. స్లింగ్ ఉన్నప్పటి నుంచే నడక, కదలని సైకిలు చేయమనేది అందుకే.

కోర్టుకు తిరిగి వెళ్లాక మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు 15 నిమిషాలు: కింది నుంచి సర్వీసు, నెట్ దగ్గర ఆట. తర్వాతి రెండు వారాలు లిఫ్టులు (కాక్‌ను కింది నుంచి ఎత్తుగా వెనక్కి పంపడం), భుజం ఎత్తుకు మించని డ్రైవ్‌లు (నెట్ మీదుగా అడ్డంగా కొట్టడం). ఆపై రెండు వారాలు మెల్లగా తలపై క్లియర్లు (కాక్‌ను అవతలి కోర్టు చివరిదాకా కొట్టడం), రోజుకు 20 నుంచి 30 మాత్రమే. తర్వాత డ్రాప్‌లు (కాక్‌ను నెట్ అవతల దగ్గర్లోనే మెల్లగా దించడం), సగం వేగంతో స్మాష్‌లు. పూర్తి స్మాష్‌లు పదితో మొదలుపెట్టి, మర్నాడు భుజం బాగుంటేనే ఇంకో పది. ఏ మెట్టు దగ్గరైనా రాత్రి నొప్పి వస్తే కింది మెట్టుకు దిగి వారం ఉండాలి. రాకెట్ తీగల బిగుతు 26, 27 పౌండ్ల మీద ఉంటే 22, 23కి దించండి.

అపోహ: కుట్టు మళ్లీ తెగితే ఆట అయిపోయినట్టే.

స్కాన్‌లో మళ్లీ చిరుగు కనబడినవాళ్లలోనూ చాలామందికి ఆపరేషన్‌కు ముందున్నంత నొప్పి ఉండదు, రోజువారీ పనులు సాగిపోతాయి. తగ్గేది ముఖ్యంగా తలపై బలం. రెండో ఆపరేషన్ అనేది స్కాన్ ఫొటో చూసి నిర్ణయించుకునేది కాదు, చెయ్యి ఏం చేయలేకపోతోందో చూసి నిర్ణయించుకోవాలి. ఆడాలనుకుంటే డబుల్స్‌లో నెట్ దగ్గర నిలబడి, వెనక కోర్టు, స్మాష్‌లు భాగస్వామికి వదిలేయవచ్చు. సర్వీసు, నెట్ షాట్లు, అడ్డు డ్రైవ్‌లు భుజం ఎత్తు దాటకుండానే ఆడొచ్చు.