బర్స్ట్ స్పీడూ, రా-జేపెగ్ గొడవా: అపోహలు - వాస్తవాలు

పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, బెజవాడ, గుంటూరు కుర్ర ఫొటోగ్రాఫర్లు తిప్పి తిప్పి అడిగేది ఇదే: "అన్నా, తలంబ్రాల టైమ్‌లో కెమెరా ఆగిపోతుంది, జేపెగ్‌లో పెడితే స్పీడ్ పెరుగుద్దా?" బర్స్ట్ అంటే బటన్ నొక్కిపట్టి వరసగా కొట్టడం. రా అంటే సెన్సర్ (కాంతిని పట్టే చిప్) ఇచ్చిన డేటాని అలాగే దాచిన పెద్ద ఫైలు, జేపెగ్ అంటే కెమెరానే సరిచేసి కుదించిన చిన్న ఫైలు. ప్రశ్న ఒకటే కానీ అందులో రెండు విషయాలున్నాయి. సెకనుకి ఎన్ని ఫొటోలు పడతాయి అనేది ఒకటి, ఆ వేగంతో ఆగకుండా ఎంతసేపు కొట్టగలం అనేది ఇంకొకటి. ఫార్మాట్ల మీద ఉన్న అపోహల్లో చాలా వరకు ఈ రెండూ కలిపేయడం వల్ల పుట్టినవే.

అపోహ: రా పెడితే కెమెరా స్లో, జేపెగ్ పెడితే ఫాస్ట్.

చాలా కెమెరాల్లో కాదు. వేగాన్ని ముందుగా నిర్ణయించేది షట్టర్, డీఎస్ఎల్ఆర్ అయితే అద్దం లేచి దిగే వేగం, ఆపైన సెన్సర్ నుంచి డేటా బయటికొచ్చే వేగం. కెనాన్ 1500డి తీసుకోండి, సెకనుకి 3 ఫ్రేములు, రా అయినా అంతే, జేపెగ్ అయినా అంతే. తేడా తర్వాత తెలుస్తుంది. రాలో 11 ఫొటోల దగ్గరే ఆయాసపడిపోతుంది, జేపెగ్‌లో చాలాసేపు సాగుతుంది. ఎందుకంటే తీసిన ప్రతి ఫొటో ముందు బఫర్‌లోకి, అంటే కెమెరా లోపలున్న కాస్తంత మెమరీలోకి వెళ్లి, అక్కడి నుంచి కార్డులోకి దిగాలి. మన ప్రకాశం బ్యారేజీ లెక్కే ఇది, పట్టేది 3 టీఎంసీలు, పైనుంచి వచ్చేదానికంటే గేట్ల నుంచి వదిలేది తక్కువైతే ఎంతసేపు ఆగుతుంది? 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో రా ఫైలు 28 ఎంబీ అనుకుందాం, సెకనుకి 10 కొడితే ఇన్‌ఫ్లో 280 ఎంబీ. కార్డు రాసుకునేది 80 అయితే మిగతా 200 బఫర్‌లోనే పేరుకుంటుంది. అది నిండిన క్షణం నుంచి మీ స్పీడ్ కెమెరా చేతిలో ఉండదు, కార్డు ఎంత ఖాళీ చేస్తే అంతే.

అలాగని ఫార్మాట్‌కీ స్పీడ్‌కీ అసలు సంబంధమే లేదని కొట్టిపారేసేవాళ్లు కూడా ఉన్నారు. అదీ అపోహే, పైగా మన దగ్గర బాగా వాడే కెమెరాల్లోనే తప్పని తేలుతుంది. బిట్లంటే ఒక్కో పిక్సెల్‌కి దాచే వివరం, అవి పెరిగేకొద్దీ ఫైలు పెద్దదవుతుంది. నికాన్ డి7200లో 12-బిట్ రా లేదా జేపెగ్ అయితే సెకనుకి 6 ఫ్రేములు, 14-బిట్ రా పెట్టగానే 5. ఆపకుండా కొట్టగలిగేవి కూడా లాస్‌లెస్ కంప్రెస్డ్ (వివరం పోకుండా కుదించిన) 14-బిట్‌లో 18, 12-బిట్‌లో 27, జేపెగ్‌లో 100. నికాన్ జడ్6లో అయితే తేడా ఇంకా పెద్దది, 12-బిట్‌లో 12 ఫ్రేములు వస్తే 14-బిట్‌లో 9. సోనీ ఏ7-4 కొన్నవాళ్లలో కొందరు "10 ఫ్రేములన్నారు, 6 కూడా సరిగ్గా రావట్లేదు" అని టెన్షన్ పడుతుంటారు. బాడీలో లోపమేమీ లేదు, ఆ 10 రావాలంటే రా ఫైల్ టైప్ మామూలు కంప్రెస్డ్‌లో (కాస్త వివరం వదిలేసి కుదించేది) ఉండాలి, లాస్‌లెస్ గానీ అన్‌కంప్రెస్డ్ (అసలు కుదించనిది) గానీ పెడితే 6 దగ్గరికి పడిపోతుంది. నికాన్ జడ్9 సంగతి వేరే లెవెల్, రాలో 20, ఫుల్ సైజు జేపెగ్‌లో 30, 11 మెగాపిక్సెల్ జేపెగ్‌తో సరిపెట్టుకుంటే 120. కాబట్టి ఎవరో చెప్పారని కాకుండా మీ కెమెరా మాన్యువల్లో రా బిట్ డెప్త్, కంప్రెషన్ ఉన్న పేజీ ఒకసారి చదవండి. ఆ పేజీ చదవకుండానే కొత్త బాడీ కొనేసినవాళ్లు నాకు తెలుసు.

అపోహ: కంప్రెస్ చేయడం కెమెరాకి అదనపు పని, అందుకే అన్‌కంప్రెస్డ్ రానే వేగం.

వినడానికి లాజిక్‌గానే ఉంటుంది. కానీ ఆ పని ప్రాసెసర్ చకచకా చేసేస్తుంది, అసలు ఇరుకు కార్డు దగ్గర. ఫైలు పెద్దదైతే బఫర్ ముందే నిండుతుంది. లాస్‌లెస్‌లో క్వాలిటీ ఏమీ పోదు, వేగం తగ్గించని కెమెరా అయితే నేను అదే పెట్టమంటాను.

అపోహ: జేపెగ్‌ని లార్జ్ నుంచి స్మాల్‌కి మారిస్తే ఇంకా స్పీడ్.

సాధారణంగా రాదు. సెన్సర్ మాత్రం మొత్తం పిక్సెల్సూ చదవాల్సిందే, ఆ తర్వాతే కుదించేది. పైగా జేపెగ్‌లో నాయిస్ (చీకట్లో తీస్తే వచ్చే చుక్కలు) తగ్గించడం, లెన్స్ వంపు సరిచేయడం లాంటివన్నీ కెమెరానే చేయాలి. హై ఐఎస్ఓ నాయిస్ రిడక్షన్ బాగా పెంచి పెడితే కొన్ని కెమెరాల్లో జేపెగ్ బర్స్ట్ కూడా చిన్నదైపోతుంది.

అపోహ: కార్డు మీద 170 అని ఉంది కాబట్టి 170తో రాస్తుంది.

ఆ పెద్ద అంకె చదివే వేగం, అంటే సిస్టమ్‌లోకి కాపీ చేసుకునేటప్పటిది. మనకి కావాల్సింది రాసే వేగం. కార్డు మీద వి30 అని ఉంటే సెకనుకి కనీసం 30 ఎంబీ తగ్గకుండా రాస్తానని హామీ, వి60, వి90 కూడా అంతే. యూహెచ్ఎస్ అంటే కార్డుకీ కెమెరాకీ మధ్య డేటా నడిచే దారి, అందులో 2 వేగమైనది. యూహెచ్ఎస్-2 కార్డు కొని యూహెచ్ఎస్-1 స్లాట్ ఉన్న కెమెరాలో పెడితే పనిచేస్తుంది కానీ యూహెచ్ఎస్-1 వేగంతోనే, దాని హద్దు 104 ఎంబీ. డి7200 లాంటి బాడీకి అంత డబ్బు పోయడం దండగ. ఎంత మంచి కార్డయినా సెకనుకి 6 ఫ్రేముల్ని 7 చేయదు, బఫర్‌ని త్వరగా ఖాళీ చేస్తుంది, అంతే.

రా, జేపెగ్ రెండూ కలిపి పెట్టుకుంటే సేఫ్ అనే మాట మీద నాకు ఎప్పుడూ చిరాకే. ఒకే కార్డు మీద రెండు ఫైళ్లూ రాయాలి, బఫర్‌కి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. ఆ రోజే ఫొటోలు పంపమని పెళ్లివాళ్లు అడిగితే తప్ప అలా పెట్టకండి.

మరి తలంబ్రాలకి ఏం చేయాలి? నా మటుకు రానే. మండపంలో ఎల్ఈడీ రంగులు, వీడియో లైటు, పట్టుచీర జరీ, పసుపు పూసిన ముఖాలు అన్నీ ఒకే ఫ్రేములో ఉంటే జేపెగ్‌లో తెల్లారి సరిచేసుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. బటన్ అదిమిపట్టి ఉంచకుండా దోసిళ్లు పైకి లేచినప్పుడల్లా చిన్న చిన్న బర్స్ట్‌లు కొట్టండి, ఆ మధ్యలో కార్డు ఊపిరి తీసుకుంటుంది. గుంటూరు దగ్గర పక్షుల కేంద్రం ఉప్పలపాడులో గూడబాతులు చెట్టు మీద వాలేటప్పుడు మాత్రం లెక్క మారుతుంది. వెలుతురు బాగుంటుంది, రెక్కలు ఏ భంగిమలో ఉంటాయో ముందు తెలీదు, అక్కడ 12-బిట్ రాకి గానీ జేపెగ్‌కి గానీ దిగినా నేను తప్పు పట్టను.

ఇంకో మాట, చాలాసార్లు నిందపడేది ఫార్మాట్ మీద, తప్పు వేరేచోట. షట్టర్ స్పీడ్ 1/8 పెట్టుకుని సెకనుకి 10 ఫ్రేములు రావాలంటే ఎక్కడినుంచి వస్తాయి? ఫ్లాష్ చార్జ్ అవ్వాలి, చీకటి హాల్లో ఫోకస్ దొరకాలి. యాంటీ ఫ్లికర్ ఆన్‌లో ఉంటే లైటు మినుకు కోసం కెమెరా కాచుకుని మరీ కొడుతుంది, అక్కడా కొంత వేగం పోతుంది.

తేల్చుకోవడం తేలికే. ఇంట్లో వెలుతురు ఉన్నచోట షట్టర్ 1/1000, మాన్యువల్ ఫోకస్, ఫ్లాష్ తీసేసి, మీరు పెళ్లికి వాడే కార్డుతోనే బటన్ నొక్కిపట్టి ఎన్నో ఫొటో దగ్గర టకటక తగ్గిందో వినండి, ఆ తర్వాత కార్డు లైటు ఆరడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. 14-బిట్, 12-బిట్, జేపెగ్ మూడింటికీ చేసి ఆ అంకెలు ఫోన్లో రాసుకోండి. లైటు వెలుగుతున్నంతసేపూ కార్డు మూత మాత్రం తీయొద్దు.