స్కైలాబ్ నుంచి కల్కి దాకా: ప్రళయం సినిమా అంటే మనకెందుకంత మోజు

2025 ఫిబ్రవరిలో 2024 వైఆర్4 అనే గ్రహశకలం భూమిని గుద్దే ఛాన్స్ 3.1 శాతం అని నాసా చెప్పిన దగ్గర్నుంచి మన యూట్యూబ్ చానళ్ళకి పండగే పండగ, 2032 డిసెంబర్ 22 అని డేట్ కూడా రెడీగా ఉంది కాబట్టి థంబ్‌నెయిల్‌కి ఇంకేం అక్కర్లేదు, పైగా అది పడితే గిడితే పడే దారిలో మన దేశం కూడా ఉందనేసరికి ఎవరూ ఆగలేదు. వారం పది రోజుల్లో ఆ 3.1 కాస్తా దాదాపు సున్నాకి వచ్చేసింది, ఆ ముక్క మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ దాని వెనకాలే ఇంకో గొడవ కూడా వస్తుంది. ఈ యుగాంతం సినిమాలే జనం బుర్రలు పాడు చేస్తున్నాయి, జనం పిచ్చోళ్ళు కాబట్టి నమ్ముతున్నారు అని సైన్స్ చెప్పేవాళ్ళు అంటారు. జనం చూస్తున్నారు కాబట్టి తీస్తున్నాం అని సినిమావాళ్ళు అంటారు. ఈ రెండో మాటలో చెప్పుకోవడానికేం లేదు, ఏ సినిమాకైనా అదే చెప్తారు. మొదటి మాట గురించే నా పేచీ, ఎందుకంటే అందులో జనానికి ఉన్నది భయం ఒక్కటే అని ముందే తేల్చేశారు.

మత్స్యావతారం, మనువు పడవ, కలియుగం లెక్కలు, హాలీవుడ్ వాళ్ళ అణుబాంబు సినిమాలు ఇవన్నీ అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. నన్నడిగితే మనవాళ్ళకి ఈ కథలంటే ఎందుకిష్టమో తెలియాలంటే ఒక్క రోజు చూస్తే చాలు, 1979 జులై 11, బుధవారం, స్కైలాబ్ పడిన రోజు.

స్కైలాబ్ అంటే అమెరికా మొదటి స్పేస్ స్టేషన్, 1973 మేలో పంపారు, బరువు 77 టన్నులు. మూడు టీములు వెళ్ళి ఉండి వచ్చాయి, ఆఖరి టీం 1974 ఫిబ్రవరిలో దిగిపోయింది, ఆ తర్వాత అది ఖాళీగానే తిరుగుతా ఉంది. స్పేస్ షటిల్ వచ్చాక దాంతో ఇంకాస్త పైకి నెట్టొచ్చులే అనుకున్నారు, షటిల్ లేటయింది (మొదటిది ఎగిరేసరికి 1981 వచ్చింది), ఈలోపు సూర్యుడి మీద అలజడి అనుకున్నదానికంటే ఎక్కువై భూమి చుట్టూ ఉన్న పై గాలి ఉబ్బి, ఆ ఒరిపిడికి స్కైలాబ్ కిందికి జారిపోవడం మొదలెట్టింది. ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలీదు. ఎవరో ఒక మనిషికి తగిలే ఛాన్స్ 152లో ఒకటి అని నాసా లెక్క చెప్పింది. అమెరికాలో దాన్ని జోక్ చేసేశారు, టీషర్టులు అమ్మారు, పార్టీలు చేసుకున్నారు, మొదటి ముక్క తెచ్చినవాడికి పదివేల డాలర్లు ఇస్తామని శాన్‌ఫ్రాన్సిస్కో పేపరొకటి ప్రకటించింది.

మన దగ్గరికి ఆ వార్త రేడియోలో, పేపర్లో, ఆపైన నోటి మాటగా వచ్చింది, వచ్చేసరికి 77 టన్నుల ఇనుము కాస్తా ప్రపంచం మొత్తం పోవడం అయింది. ఆ తర్వాత జరిగిందే కథ. ఆ రోజులు చూసిన పెద్దవాళ్ళని ఎవర్నడిగినా, తెలంగాణ పల్లెల్లో అడిగినా కోస్తాలో అడిగినా, దాదాపు ఒకే మాట చెప్తారు, మేకలు కోసుకున్నారు, గుడ్ల కోసం ఉంచుకున్న కోళ్ళు కూడా కోసేశారు, దాచుకున్న డబ్బు తీసి ఖర్చు పెట్టేశారు, కల్లు తాగారు, ఎలాగూ పోతున్నాం కదా ఇంకా దాచేదెవరికి అని. గుళ్ళకి వెళ్ళి మొక్కుకున్నవాళ్ళు, రాత్రంతా ఆకాశం చూస్తా కూర్చున్నవాళ్ళు కూడా ఉన్నారు, కాదనట్లేదు. కానీ నలభై ఏళ్ళ తర్వాత కూడా నవ్వుతా చెప్పుకునేది ఏడుపుల గురించి కాదు, ఆ మాంసం కూర గురించే. తెల్లారితే ఉంటామో లేదో అన్న మనిషి నవ్వుతా గుర్తు చేసుకునే భోజనం అది.

మన టైం ప్రకారం రాత్రి పది దాటాక స్కైలాబ్ హిందూ మహాసముద్రం మీద విరిగిపోయి, కొన్ని ముక్కలు ఆస్ట్రేలియా పడమటి వైపు ఎస్పెరెన్స్ అనే ఊరి చుట్టుపక్కల పడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఊరివాళ్ళు మా ఊళ్ళో చెత్త పోశారని నాసాకి 400 డాలర్ల ఫైన్ కూడా రాశారు, సరదాకే అనుకోండి. ఇక్కడ పన్నెండో తారీఖు పొద్దున లేస్తే పొలం పొలంలానే ఉంది, అప్పు అప్పులానే ఉంది, మేక మాత్రం లేదు.

సైన్స్ వాళ్ళు దీన్ని చెప్పేటప్పుడు పల్లెటూరి అమాయకత్వం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కానీ ముందూ వెనకా ఒకసారి చూడండి. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చింది, సర్కారు లెక్కల్లోనే పదివేల మంది పోయారు, ఎన్టీఆర్ ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు వసూలు చేసిన రోజులవి. 1979 మేలో మళ్ళీ తుఫాను, స్కైలాబ్‌కి సరిగ్గా రెండు నెలల ముందు. అంటే నిజంగా లోకం మునిగిపోవడం ఎట్లా ఉంటుందో ఈ జనానికి తెలీక కాదు, చూసిన కళ్ళే అవి. ఉప్పెన పేదవాడి పాక మీదకే ముందు వస్తుంది, మేడ ఉన్నవాడు మేడెక్కుతాడు. స్కైలాబ్ అట్లా కాదు, షావుకారు ఇంటి మీద పడ్డా పడొచ్చు, పాలేరు పాక మీద పడ్డా పడొచ్చు, దొరకీ జీతగాడికీ ఛాన్స్ ఒకటే. ఆ ఒక్క రోజు వసూలుకి వచ్చేవాడు లేడు, వచ్చినా భయం లేదు. ఇది మూఢనమ్మకం ఎట్లా అవుతుంది, సెలవు అనాలి గానీ.

భయమే అయితే ఎట్లా ఉంటుందో కూడా మనకి తెలుసు. 1962 ఫిబ్రవరిలో ఎనిమిది గ్రహాలు మకర రాశిలో కలుస్తున్నాయని, అష్టగ్రహ కూటమి అని దేశమంతా యజ్ఞాలు చేశారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగానే పోయింది, హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో సైంటిస్టులు పరికరాలు పెట్టుకుని ఉంటే చాలామంది తలుపులేసుకుని ఇళ్ళల్లో కూర్చున్నారు. ఏడు నెలల ముందు స్కైలాబ్‌కి మేకలు కోసిన జనమే వీళ్ళు. భయపడితే తలుపేసుకుంటారు, అంతేగానీ విందు చేసుకోరు.

ఈ తేడా మన సినిమావాళ్ళలో ముందు పట్టుకుంది ఎన్టీఆర్. 1984 నవంబర్లో శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర రిలీజైంది, అప్పటికాయన ముఖ్యమంత్రి, ఆయనే హీరో ఆయనే డైరెక్టర్, సినిమా ఎప్పుడో తీసి సెన్సార్ గొడవల్లో ఇరుక్కుని ఆలస్యంగా బయటికొచ్చింది, అదీ ఇందిరాగాంధీ హత్య జరిగిన నెల రోజుల్లోపు. విధవ రాజ్యమేలుతుందని బ్రహ్మంగారు ముందే చెప్పారని జనం అప్పటికే చెప్పుకుంటున్నారు, రంగు పూసుకున్నవాడు గద్దెనెక్కుతాడన్నది కూడా, ఇంక అది ఎవరి గురించో విడిగా చెప్పాలా. జనం విరగబడి చూశారు. చాలామంది దీన్ని రాజకీయంగానే చూస్తారు, నాకు ముఖ్యమనిపించేది వేరే. కాలజ్ఞానంలో రోగాలు, వరదలు, తోకచుక్కలు ఉన్నాయి నిజమే, కానీ దాని బలమంతా కిందివాడు పైకొస్తాడు, పైవాడు కిందికి దిగుతాడు అన్న దగ్గరుంది. చెప్పింది విశ్వబ్రాహ్మణుడు, దగ్గరి శిష్యుడు సిద్ధయ్య దూదేకుల కుటుంబంలో పుట్టినవాడు, ఇంకో శిష్యుడు కక్కయ్య మాదిగ కులంవాడు. కులాలు తారుమారవడం కొందరికి కలి ముదిరిన గుర్తు, అదే వాక్యం వింటున్న ఇంకొకడికి శుభవార్త. ఒకే టికెట్ మీద ఇద్దరూ సినిమా చూసొచ్చారు. 2020లో కరోనా రాగానే ఆ సినిమా క్లిప్పులే వాట్సాప్‌లో తిరిగాయి, ముప్పై ఆరేళ్ళ పాత సినిమా.

కథ మారింది 2009లో. రోలండ్ ఎమ్మెరిక్ తీసిన 2012 అనే హాలీవుడ్ సినిమా వచ్చింది, తెలుగు డబ్బింగ్‌లో కూడా బాగా ఆడింది, ప్రపంచం మొత్తం మీద దాదాపు 79 కోట్ల డాలర్లు తెచ్చింది. రిలీజ్‌కి ముందు పబ్లిసిటీ కోసం ఒక ఉత్తుత్తి సంస్థ పేరుతో వెబ్‌సైట్ పెట్టి, ప్రళయం నుంచి బతికి బయటపడే సీటు కోసం లాటరీలో పేరు రాయించుకోండి అన్నారు, నిజమనుకుని భయపడినవాళ్ళ ఉత్తరాలు నాసాలో డేవిడ్ మారిసన్ అనే శాస్త్రవేత్తకి గుట్టలుగా వచ్చాయి, ఆయన ఈ పబ్లిసిటీని గట్టిగానే తప్పుపట్టారు. సినిమాలు భయపెడతాయి అనేవాళ్ళు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇదే, ఈ విషయంలో మాత్రం వాళ్ళ మాట నిజమే, ఒప్పుకోవాలి.

కానీ సినిమా లోపల ఏముందో చూడండి. ప్రమాదం సంగతి ముందు కనిపెట్టేది మన దేశంలో, ఒక రాగి గని అడుగున, సత్నాం అనే ఇండియన్ సైంటిస్ట్. బతికించే ఓడల్లో సీటు వంద కోట్ల యూరోలు. కనిపెట్టినాయన్ని తీసుకెళ్ళడానికి రావాల్సిన విమానం రానే రాదు, పెళ్ళాం బిడ్డతో అక్కడే నిలబడి అలని చూస్తాడు. స్కైలాబ్ నాటి ప్రళయంలో సీట్లు లేవు, అందరం పోతాం, అంతే. ఇక్కడ ప్రళయం అంటేనే సీట్ల లెక్క. వీసా లాటరీ కోసం ఏటా వసంతంలో ఫోన్ పట్టుకు కూర్చునే మన ఇళ్ళల్లో ఇది ఎక్కకపోతే ఆశ్చర్యపోవాలి. ఆ హాల్లో కూర్చుని ప్రపంచం పోతుందేమో అని ఎవరూ వణకలేదు, మనకి సీటొస్తుందా రాదా అని చూశారు, దొంగచాటుగా ఓడలోకి దూరిన హీరో ఫ్యామిలీకి చప్పట్లు కొట్టింది అందుకే.

ఇక్కణ్ణుంచి 2021కి వస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఆ డిసెంబర్లో స్కైలాబ్ అనే పేరుతోనే తెలుగు సినిమా వచ్చింది, విశ్వక్ ఖండేరావు డైరెక్టర్, నిత్యా మీనన్, సత్యదేవ్, రాహుల్ రామకృష్ణ, కరీంనగర్ వైపు బండలింగంపల్లి అనే ఊళ్ళో 1979లో జరిగే కథ. గ్రాఫిక్స్‌తో ఊళ్ళు కూల్చేది కాదు, ఆకాశం వైపు చూస్తా ఎవరి లెక్కలు వాళ్ళు వేసుకునే మనుషుల కథ, నాకైతే బాగా నచ్చింది. థియేటర్లలో పెద్దగా ఆడలేదు. కరోనా టైం, పెద్ద స్టార్లు లేరు, కారణాలు చాలానే చెప్పొచ్చు. నాకనిపించేది ఏంటంటే అప్పటికే మన ఆశ మారిపోయింది, అప్పు లేని ఒక్క రోజు కాదు కావాల్సింది, గోడకి అవతల చోటు.

2024 జూన్ 27న వచ్చిన కల్కి 2898 ఏడీ కట్టింది ఆ గోడనే. గంగ ఎండిపోయిన కాశీ, ఆఖరుగా మిగిలిన ఊరు, పైన తిరగేసిన పిరమిడ్‌లా కాంప్లెక్స్, నీళ్ళూ చెట్లూ తిండీ అన్నీ అందులోనే, లోపలికి వెళ్ళాలంటే పది లక్షల యూనిట్లు (అక్కడి డబ్బు) కట్టాలి. ప్రభాస్ చేసిన భైరవకి లోకాన్ని రక్షించాలన్న ఆలోచనే లేదు, ఆ పది లక్షలు ఎట్లా పోగెయ్యాలా అన్నదే వాడి బాధ, డబ్బొస్తుందంటే ఎవర్నైనా పట్టిచ్చేస్తాడు. అశ్వత్థామ వచ్చి ధర్మం గురించి ఎంత చెప్పినా హాల్లో జనం మనసు మాత్రం భైరవ వెనకాలే పోయింది. నాగ్ అశ్విన్ అది కావాలనే చేశాడని నా అనుమానం, పురాణం పైపూత అనట్లేదు గానీ పట్టు మాత్రం ఆ యూనిట్ల దగ్గరే ఉంది.

నిర్మాతల లెక్క ప్రకారం వసూళ్ళు వెయ్యి కోట్లు దాటాయి. సైన్స్ వాళ్ళు ఈసారి భయం గురించి పెద్దగా మాట్లాడలేదు, 2898 ఎవరికి కావాలి గనక. గొడవంతా ఇంకో దాని మీద జరిగింది, రిలీజ్ రోజుల్లో టికెట్ రేటు పెంచుకోవడానికి తెలంగాణ, ఆంధ్ర రెండు ప్రభుత్వాలూ పర్మిషన్ ఇచ్చాయి, జనం తిట్టుకుంటానే ఆన్‌లైన్లో సీట్లు వెతుక్కున్నారు.