తాడు ఇవతలి నుంచి చూసేవాళ్ళకి: మోడల్ విమానాల పోటీలు, అపోహలు, వాస్తవాలు

చాలా ఏళ్ళుగా మోడల్ విమానాలు ఎగరేస్తున్నాను. ఈ మధ్య రిమోట్ పట్టుకునే రోజులు తగ్గాయి. పోటీల్లో జడ్జీ కుర్చీలోనో, పైలట్లు నిలబడి ఎగరేసే ఫ్లైట్ లైన్ చూసుకునే పనిలోనో ఎక్కువగా ఉంటున్నాను. అందుకే జనం దాటకుండా కట్టే తాడుకి అవతల పైలట్లు పడే టెన్షనూ తెలుసు, ఇవతల జనం అనుకునే మాటలూ చెవిన పడతాయి. పొద్దున్నే ఉత్సాహంగా వచ్చిన కుటుంబం రెండు గంటలు గడవకముందే "అన్నీ ఒకేలా తిరుగుతున్నాయి" అంటూ వెళ్ళిపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఓపిక లేక వెళ్ళిపోయేవాళ్ళు తక్కువ. ఆకాశంలో ఏం చూడాలో చెప్పేవాళ్ళు లేక వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎంత కిందుగా, ఎంత దగ్గరగా ఎగరేస్తే అంత గొప్ప పైలట్.

ప్రదర్శనలో అయితే జనం అలాగే చప్పట్లు కొడతారు. పోటీ లెక్క వేరు. రేడియో విన్యాసాల్లో అంతర్జాతీయంగా ప్రధానమైన తరగతి ఎఫ్‌3ఏ. ఎయిర్ స్పోర్ట్స్ ప్రపంచ సమాఖ్య అయిన ఎఫ్ఏఐ నియమాల ప్రకారం ఇందులో విమానం పొడవు గానీ, రెక్కల వెడల్పు గానీ 2 మీటర్లు దాటకూడదు. పైలట్‌కి సుమారు 150 మీటర్ల దూరంలో, ఎడమకి 60 డిగ్రీలు, కుడికి 60 డిగ్రీలు, పైకి 60 డిగ్రీల లోపల ఒక కనపడని పెట్టె ఉంటుంది. విన్యాసాలన్నీ దానిలోనే జరగాలి. అంత దూరంలో 2 మీటర్ల విమానం నిండు చందమామకి ఒకటిన్నర రెట్ల వెడల్పున మాత్రమే కనిపిస్తుంది. "భయపడి దూరంగా తిప్పుతున్నాడు" అనే మాట ప్రతి పోటీలోనూ వింటాను. అతను ఉండాల్సిన చోటే ఉన్నాడు. ఇంకా దగ్గరికి తెస్తే కోణాలు మారవు కాబట్టి ఆ పెట్టె అతనికే ఇరుకైపోతుంది.

మరి జడ్జీలు ఏం చూస్తారు? విమానం గాలిలో గీసే గీతని చూస్తారు. దాని వెనక తెల్లటి దారం ఒకటి సాగుతోందని ఊహించుకోండి, ఆ దారం ఎలాంటి బొమ్మ వేస్తోందో గమనించండి. ప్రతి విన్యాసాన్నీ 10 మార్కులతో మొదలుపెట్టి, తప్పు కనిపించినప్పుడల్లా కోత వేస్తాం. గీత 15 డిగ్రీలు తప్పితే ఒక మార్కు పోతుందన్నది స్థూలంగా మా కొలత. మిగిలిన మార్కుని ఆ విన్యాసం కష్టాన్ని బట్టి ఇచ్చిన అంకెతో హెచ్చిస్తారు.

గాలి వీచే రోజు వస్తే ఇంకా మంచిది. లూప్ అంటే విమానం నిలువుగా వేసే గుండ్రటి చుట్టు. దాన్ని దాని మానాన వదిలేస్తే గాలివాటుకి ఒక పక్కకి సాగిపోతుంది. దాన్ని గుండ్రంగా నిలపాలంటే పైలట్ లూప్‌లో ఒక్కో భాగంలో ఒక్కో రకంగా లాగాలి. పక్కగాలి ఉంటే విమానం ముక్కు కాస్త గాలి వైపు తిరిగి ఉంటుంది, దారి మాత్రం తిన్నగా సాగుతుంది. ముక్కు వంకర చూసి తప్పనుకుంటారు గానీ అక్కడే అతని పనితనం ఉంది. నిలువుగా ఎక్కుతూ మధ్యలో రోల్ చేస్తే, అంటే తన నిడివి చుట్టూ తానే దొర్లితే, రోల్‌కి ముందు ఎక్కిన గీత, తర్వాత ఎక్కిన గీత సమానంగా ఉన్నాయా అని చూడండి. ఇలా నాలుగు ఫ్లైట్లు చూశాక ఐదో ఫ్లైట్‌కి మీరే మనసులో మార్కులు వేయడం మొదలుపెడతారు. పన్నెండేళ్ళ పాప ఒకసారి నా వెనక నిలబడి "ఆ లూప్ కింద చదునుగా అయింది కదా అంకుల్" అంది. నేను అప్పుడే దానికి మార్కు కోసి ఉన్నాను.

అపోహ: ఇప్పుడంతా కంప్యూటరే ఎగరేస్తుంది, పైలట్ చేసేదేం లేదు.

ఎఫ్‌3ఏలో విమానాన్ని దానంతట అదే సరిదిద్దే జైరో పెట్టుకోవడం నిషిద్ధం. ఆ సన్నటి సవరణలన్నీ వేళ్ళ నుంచే రావాలి. డ్రోన్ రేసింగ్‌లో మాత్రం జైరో తప్పనిసరి, అది లేకపోతే నాలుగు మోటార్ల యంత్రం గాలిలో నిలవనే నిలవదు. అయినా గేటులోంచి గేటులోకి దారి పట్టించేది పైలటే.

పైలట్ పక్కన నిలబడి ఏదో గొణుగుతున్నట్టు ఉండే మనిషిని కూడా గమనించండి. ఆయన్ని కాలర్ అంటాం. తర్వాత వచ్చే విన్యాసం ఏమిటో చదివి చెబుతుంటాడు. పైలట్ కళ్ళు విమానం మీంచి ఒక్క క్షణం కూడా పక్కకి పోకూడదు కదా.

అపోహ: గ్లైడర్ల పోటీలో ఏమీ జరగదు.

ఈ మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలిస్తుంది, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఇష్టమైన పోటీ ఇదే. గ్లైడర్ అంటే ఇంజిన్ బలం లేకుండా గాలి మీద తేలుతూ సాగే విమానం. వీటిలో ఎఫ్‌5జే అనే తరగతి తీసుకోండి. పైకి ఎక్కడానికి మాత్రమే మోటార్ ఉన్న గ్లైడర్లు, ఒక బృందం మొత్తం ఒకేసారి బయల్దేరుతుంది. మోటార్‌ని గరిష్ఠంగా 30 సెకన్లు వాడుకోవచ్చు. ఒకసారి ఆపేశాక మళ్ళీ వేసేది లేదు. మొత్తం గడువు 10 నిమిషాలు, గాలిలో ఉన్న ప్రతి సెకనుకీ ఒక మార్కు. ల్యాండింగ్ గుర్తుకి ఒక మీటరు లోపల ముక్కు ఆనితే మరో 50.

అసలు కిటుకు ఎత్తులో ఉంది. మోటార్ ఆగి 10 సెకన్లు గడిచేలోగా చేరిన గరిష్ఠ ఎత్తుని విమానంలోని చిన్న పరికరం నమోదు చేస్తుంది. 200 మీటర్ల వరకూ మీటరుకి అర మార్కు కోత, అది దాటితే మీటరుకి 3 మార్కులు. కాబట్టి 160 మీటర్లు ఎక్కినతను 80 మార్కులు పోగొట్టుకుంటాడు, 60 మీటర్లకే మోటార్ ఆపినతనికి 30 పోతాయి. ఆ 50 తేడా అంటే ఒక ల్యాండింగ్ మొత్తం. అయితే 60 మీటర్ల ఎత్తులో ఉన్నతనికి వేడిగాలి దొరక్కపోతే నిమిషాల్లో నేల మీద ఉంటాడు. ఎవరు ముందు మోటార్ ఆపారో చూడండి. అతను ఏదో పసిగట్టాడన్నమాట.

పసిగట్టడం ఎలాగంటే, నేల వేడెక్కిన చోట గాలి తేలికపడి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి చుట్టుపక్కల గాలి వచ్చి చేరుతుంది. అందుకే పైలట్లు చెంప మీద గాలి ఎటునుంచి తగులుతోందో పట్టించుకుంటారు, పొడుగు కర్రలకి కట్టిన సన్నటి రిబ్బన్లని చూస్తుంటారు. గద్ద రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతోందంటే అక్కడ గాలి లేస్తున్నట్టే. చూసేవాళ్ళకీ ఆ గద్ద కనిపిస్తుంది! పైలట్ కంటే ముందు మీరు దాన్ని కనిపెట్టారనుకోండి, ఆ గ్లైడర్ అటు తిరిగేదాకా మీకు ఊపిరి ఆడదు. ఇక్కడ బైనాక్యులర్ పనికొస్తుంది. విన్యాసాలకీ రేసులకీ వద్దు, విమానం వెంటనే చేజారిపోతుంది.

అపోహ: తోక పైకి లేచిపోయింది, విమానం విరిగింది.

ఫ్రీ ఫ్లైట్ పోటీల్లో ఇది చూసి జనం అయ్యో అంటారు. ఇక్కడ రిమోట్ లేదు, వదిలాక విమానం దాని ఇష్టం. చాలా రౌండ్లలో 3 నిమిషాలు నిలిస్తే పూర్తి మార్కులు. ఆ తర్వాత కూడా వేడిగాలిలో చిక్కుకుని ఉంటే విమానం కంటికి కనపడకుండా పోతుంది. అందుకే టైమర్ పెట్టి, సమయం కాగానే వెనక రెక్క ఒక్కసారిగా పైకి లేచేలా చేస్తారు. విమానం ఎగరడం మానేసి, పళ్ళెంలా బల్లపరుపుగా కిందికి దిగుతుంది. అది విరగడం కాదు, ఇంటికి రావడం. దాని కోసం మైదానంలో పరుగెత్తే మనిషికి దారి ఇవ్వండి, సాయం చేద్దామని మీరు ముందు వెళ్ళి ముట్టుకోకండి.

ఇండోర్ పోటీకి వెళితే ఇంకా నెమ్మదిగా ఉండాలి. ఎఫ్‌1డీ తరగతి విమానం బరువు దాని పంకాని తిప్పే రబ్బరుతో కలిపినా 2 గ్రాములకి అటూ ఇటూగా ఉంటుంది. దాని పంకా తిరగడాన్ని కంటితో లెక్కపెట్టొచ్చు. ఒక తలుపు తెరిచినా ఆ గాలికి దారి తప్పుతుంది.

అపోహ: తీగ కట్టి తిప్పే విమానాలు పిల్లల ఆట.

కంట్రోల్ లైన్ వేగం పోటీ అయిన ఎఫ్‌2ఏలో తీగ వ్యాసార్థం 17.69 మీటర్లు. 9 చుట్లు తిరిగితే ఒక కిలోమీటరు. మంచి విమానాలు గంటకి 300 కిలోమీటర్ల దాకా వెళతాయి, అంటే ఆ కిలోమీటరు 12 సెకన్లలో అయిపోతుంది. టీమ్ రేసులో ముగ్గురు పైలట్లు ఒకే వృత్తం మధ్యలో ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూ 100 చుట్లు పూర్తిచేయాలి, మధ్యలో దిగి ఇంధనం పోయించుకుని మళ్ళీ లేవాలి. విమానాలని ఒక్క నిమిషం వదిలేసి ఆ ముగ్గురి కాళ్ళ కదలికే చూడండి.

అపోహ: నా ఫోన్ మోగితే విమానం కూలిపోతుంది.

ఈ భయం పాత రోజుల నుంచి వచ్చింది. 35, 72 మెగాహెర్ట్జ్ రేడియోలు వాడినప్పుడు ఒకే ఛానెల్ మీద రెండు రిమోట్లు ఆన్ అయితే గాలిలో ఉన్న విమానం పోయేది. అందుకే ఛానెల్ నంబరు ఉన్న క్లిప్ చేతిలో లేకుండా ఎవరూ రిమోట్ ఆన్ చేయకూడదనే కట్టుబాటు ఉండేది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్లు తమ సంకేతాన్ని గుర్తుపట్టి మిగతావాటి మధ్య పనిచేస్తాయి. మీ ఫోన్ కాల్ వల్ల విమానం పడదు.

అసలు ప్రమాదం వేరే ఉంది. కొందరు సొంత డ్రోన్ తెచ్చి, గట్టు మీద కూర్చుని బ్యాటరీ తగిలిస్తారు. రేసింగ్ పైలట్లు తమ డ్రోన్ కెమెరా నుంచి కళ్ళజోడులో చూసే వీడియో ఎక్కువగా 5.8 గిగాహెర్ట్జ్‌లో వస్తుంది. మీ డ్రోన్ వీడియో అదే ఛానెల్ మీద పడితే గాలిలో ఉన్న పైలట్‌కి ఉన్నట్టుండి తెర చెదిరిపోతుంది. నిర్వాహకులని అడగకుండా దేన్నీ ఆన్ చేయకండి.

అపోహ: ఈ తాడు, ఈ అరుపులు అంతా అతి జాగ్రత్త.

5 కిలోల విమానం గంటకి 108 కిలోమీటర్ల వేగంతో వస్తే, అదే బరువుని 15 అంతస్తుల మేడ మీంచి వదిలినంత దెబ్బ తగులుతుంది. ముందున్న పంకా సంగతి దీనికి అదనం. ఒక పోటీలో ఒకాయన ఫొటో కోసం బాబుని ఎత్తుకుని తాడు దాటారు. సరిగ్గా అప్పుడే ఒక విమానం ఇంజిన్ ఆగింది. పైలట్ "డెడ్‌స్టిక్" అని అరిచాడు. అంటే ఇంజిన్ లేదు, రెండో అవకాశం లేదు, అందరూ దారి ఇవ్వాలని. వాళ్ళిద్దరినీ తప్పించడానికి అతను రన్‌వే వదిలి పొదల్లోకి దించేశాడు. ఏడాది పాటు కట్టిన రెక్క విరిగిపోయింది. అతను వచ్చి బాబు బాగున్నాడా అని అడిగాడు, ఇంకేమీ అనలేదు. ఆ రోజు నుంచి తాడు దగ్గర నేను గట్టిగానే మాట్లాడతాను, ఎవరైనా నొచ్చుకున్నా సరే.

కూలిపోయిన విమానం దగ్గరికి పరుగెత్తడం కూడా వద్దు. దెబ్బ తిన్న లిథియం బ్యాటరీ కొన్ని నిమిషాలు ఆగి మంట అందుకోవచ్చు. పాత రకం ఇంజిన్లలో వాడే మిథనాల్ మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు.

అపోహ: పైలట్లతో మాట్లాడకూడదు, వాళ్ళకి కోపం వస్తుంది.

ఫ్లైట్‌కి ముందు మాట్లాడకండి, అది నిజమే. చేతులు ఏదో పట్టుకుని ఉన్నట్టు పెట్టుకుని, కళ్ళు మూసుకుని అటూ ఇటూ ఊగుతున్న మనిషి కనిపిస్తే, ఆయన రాబోయే విన్యాసాలని మనసులో ఎగరేసుకుంటున్నాడని అర్థం. దిగి, విమానం తుడుచుకుంటున్నప్పుడు వెళ్ళండి. ఆముదం కలిపిన ఇంధనం వాసన ఇంకా వస్తుంటుంది. ఆ రెక్కలోపల ఏముందని అడిగితే చాలు, బాల్సా చెక్క ముక్క తెచ్చి మీ పిల్లల అరచేతిలో పెడతారు, ఎంత తేలికో చూడమని.

సాయంత్రం ఫలితాలు చెప్పేశాక వెంటనే వెళ్ళిపోకండి. ఆ వేళకి గాలి తగ్గుతుంది, చాలామంది తమ ట్రైనర్ విమానాలు బయటికి తీస్తారు. రెండు రిమోట్లు కలిపి ఒకటి నేర్చుకునేవాళ్ళ చేతికిస్తారు. మీరు తడబడితే నేర్పేవాళ్ళు ఒక స్విచ్ వదులుతారు, విమానం మళ్ళీ వాళ్ళ చేతిలోకి వచ్చేస్తుంది. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి.