రీట్రై, స్కిప్, క్యాన్సిల్: కాపీ ఎర్రర్ల వెనకున్న పాత కథ

చెల్లెలి పెళ్లి వీడియో ఉన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఆరేళ్లుగా బీరువాలో పట్టుచీరల మధ్య పడుంది. మొన్న లాప్‌టాప్‌కి తగిలించి కాపీ పెడితే 73 శాతం దగ్గర ఆగిపోయింది. ఆకుపచ్చ గీత కదలదు, స్పీడు సున్నా. కాసేపటికి ఒక చిన్న పెట్టె తెరుచుకుంది: 'డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్'. కింద మూడు బటన్లు: ట్రై ఎగైన్, స్కిప్, క్యాన్సిల్. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "మళ్లీ నొక్కరా".

ఆ బటన్లకు పెద్ద వంశచరిత్రే ఉంది. విండోస్‌కి ముందు కంప్యూటర్లను నడిపిన డాస్ రోజుల్లో ఫ్లాపీ చదవడం కుదరకపోతే నల్ల తెర మీద 'అబార్ట్, రీట్రై, ఇగ్నోర్?' అని అడిగేది. తర్వాతి వెర్షన్లలో 'ఫెయిల్' కూడా వచ్చి చేరింది. అప్పట్లో రీట్రై నిజంగా పనికొచ్చే సలహా. డ్రైవ్ గొళ్లెం వేయడం మర్చిపోయి ఉంటాం, లేదా ఫ్లాపీ సరిగ్గా కూర్చుని ఉండదు. తీసి మళ్లీ పెట్టి ఆర్ నొక్కితే చదివేసేది. ఆ అలవాటు యంత్రానికీ పోలేదు, మనకీ పోలేదు. లోపల డేటా రాసుకునే గుండ్రటి పళ్లెం అరిగిన హార్డ్ డిస్క్ దగ్గర మాత్రం అదే సలహా కొంప ముంచుతుంది.

సైక్లిక్ రిడండెన్సీ చెక్ అనే పేరు ఇంకా పాతది. డబ్ల్యూ. వెస్లీ పీటర్సన్ 1961లో సహరచయితతో కలిసి ప్రచురించిన పద్ధతి అది. రాయాల్సిన బిట్లన్నిటినీ, అంటే సున్నాలూ ఒకట్లనూ, ఒక పెద్ద సంఖ్యలా భావించి, ముందే అనుకున్న మరో సంఖ్యతో ఒక రకం భాగహారం చేసి, వచ్చిన శేషాన్ని డేటా పక్కనే రాసిపెడతారు. చదివేటప్పుడు మళ్లీ భాగిస్తారు. శేషం కలవకపోతే మధ్యలో ఏదో చెడిందని అర్థం. బడిలో గుణకారం సరిచూసుకోవడానికి అంకెలు కూడి తొమ్మిదులు తీసేసేవాళ్లం కదా, ఇంచుమించు అదే ఉపాయం. ఫ్లాపీ కంట్రోలర్లు చేసింది అక్షరాలా ఈ లెక్కే. లెక్క తప్పితే డాస్ ఇచ్చిన ఎర్రర్ నంబరు 23. విండోస్ ఆ నంబరునీ ఆ పేరునీ వారసత్వంగా తీసుకుని ఇప్పటికీ వాడుతోంది.

పేరు మారలేదు గానీ దాని బరువు మారింది. ఇప్పటి హార్డ్ డిస్క్ తప్పును పసిగట్టి ఊరుకోదు, దిద్దుకుంటుంది. డేటా రాసుకునే ప్రతి చిన్న గడి, అంటే సెక్టార్, వెంట దిద్దుబాటు కోసం అదనపు బిట్లు ఉంటాయి. చిన్న చిన్న తప్పులు నిత్యం జరుగుతూనే ఉంటాయి, మనదాకా రానీయకుండా డిస్కే సర్దుకుంటుంది. కాబట్టి ఈరోజు తెర మీద ఆ మెసేజ్ కనిపించిందంటే లోపల డిస్క్ పదేపదే చదివి, దిద్దబోయి, కుదరక చేతులెత్తేసిందని. మామూలు ఇంటి డిస్కులు ఒక్క చెడ్డ సెక్టార్ కోసం పదుల సెకన్లు పోరాడతాయి. 73 శాతం దగ్గర గీత కదలకుండా నిలబడిపోవడానికి కారణం అది. అనేక డిస్కులు కలిపి నడిపే సర్వర్ల కోసం తయారైనవి ఏడు సెకన్లకే వదిలేస్తాయి, వాటి పక్కనే మరో ప్రతి ఉంటుంది గనుక. మన బీరువా డిస్క్‌కి అలాంటి తోడు లేదు.

ఇక్కడే నాకు చాలామంది సలహాదారులతో పేచీ. ఎర్రర్ రాగానే 'చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కొట్టు' అంటారు. ఆ ఆదేశం డిస్క్‌ని మొదటి నుంచి చివరి దాకా చదివిస్తుంది, చెడ్డ చోట్లకు గుర్తు పెడుతుంది, ఫైళ్ల పట్టికను సరిచేస్తూ అదే డిస్క్ మీద రాస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌లో పట్టిక మాత్రమే చెదిరితే అది మంచి మందే. పళ్లెమే పోతున్న డిస్క్‌ని గంటల తరబడి అలా పరిగెత్తిస్తే, కాపీ చేసుకోవడానికి మిగిలిన ఊపిరి కాస్తా అక్కడే అయిపోతుంది. ముందు తీసుకోగలిగింది బయటికి తీసుకోవాలి. మరమ్మతు సంగతి తర్వాత.

తీసుకోవడంలోనూ ఒక తమాషా ఉంది. విండోస్‌లో రోబోకాపీ అనే ఆదేశం విండోస్ ఎన్‌టీ అనే పాత వెర్షన్ కాలం నుంచీ ఉంది. పెద్ద పెద్ద కాపీలకు మామూలు కాపీ పేస్ట్ కంటే నమ్మకమైనది. కానీ ఏ మార్పూ చెప్పకుండా నడిపితే, చదవలేని ఒక్క ఫైలు కోసం 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ప్రతిసారికీ మధ్య 30 సెకన్లు ఆగుతుంది. లెక్కేస్తే ఆగిన సమయమే 347 రోజులు! పక్కకు పోయి మళ్లీ వచ్చే నెట్‌వర్క్ కోసం పెట్టిన ఓపిక అది. చెడ్డ సెక్టార్ ఎన్నాళ్లు ఎదురుచూసినా బాగుపడదు. రీట్రైల సంఖ్య 1కి, ఆగే సమయం 1 సెకనుకి తగ్గించి నడపాలి. విండోస్‌లాంటిదే మరో వ్యవస్థ లినక్స్, అందులో నడిచే గ్నూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము ఈ పనికే పుట్టింది. తేలిగ్గా వచ్చే భాగాలన్నీ ముందు లాక్కుని, మొరాయించే చోట్లను ఒక పటంలో రాసుకుని, చివర్లో మాత్రమే వాటి జోలికి వెళ్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ పటం చూసుకుని ఆగిన చోటి నుంచే ఎత్తుకుంటుంది. కాపీ చేసుకునే చోట పాత డిస్క్ మొత్తానికి సరిపడా ఖాళీ మాత్రం ఉండాలి.

డిస్క్ టక్ టక్ మని చప్పుడు చేస్తుంటే ఇవేవీ వద్దు. వైరు పీకి పక్కన పెట్టడమే. అది సాఫ్ట్‌వేర్ తీర్చే జబ్బు కాదు.

అయితే కాపీ ఆగిన ప్రతిసారీ డిస్క్ జబ్బుపడినట్టు కాదు. కొన్ని ఎర్రర్లు ఎప్పుడో రాసుకున్న ఒప్పందాలు మాత్రమే. పెళ్లి వీడియో 6 జీబీ, పెన్‌డ్రైవ్‌లో 50 జీబీ ఖాళీ, అయినా 'ఫైలు మరీ పెద్దది' అంటుంది. ఇలాంటి పెన్‌డ్రైవ్‌లో ఉండే ఫ్యాట్ అనే ఫైలు పట్టిక పద్ధతిని మైక్రోసాఫ్ట్‌లో మార్క్ మెక్‌డొనాల్డ్ 1977లో రాశారు. దాన్ని అనుసరించి వచ్చిన డాస్‌లో ఒక్కో ఫైలుకి 32 బైట్ల చిట్టా. అందులో సైజు రాసుకోవడానికి 4 బైట్లు. ఆ గడిలో పట్టే అతిపెద్ద సంఖ్య 4,29,49,67,295. అదే మన 4 జీబీ గోడ. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన ఫ్లాపీలో పట్టేది 160 కేబీ. ఆ గడి నింపాలంటే 26,000 పైచిలుకు ఫ్లాపీలు కావాలి. ఆ ఇంజనీర్లది పిసినారితనం ఎలా అంటాం? 1996లో దాని కొత్త రూపం ఫ్యాట్32 వచ్చినప్పుడు కూడా ఆ గడిని ముట్టుకోలేదు. వీడియో కెమెరాలు పొడుగాటి రికార్డింగుని 4 జీబీ ముక్కలుగా కోసివ్వడం కూడా ఈ గడి పుణ్యమే. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్ గోడ తీసేసింది గానీ, విండోస్ తన సొంత డిస్క్‌కి వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలా జరిగిన మార్పుల పద్దు రాసుకోదు. రాస్తుండగా వైరు లాగేస్తే ఎక్కువ దెబ్బ తినేది అదే.

ఇంకో గోడ మన తెలుగుకి ప్రత్యేకంగా తగులుతుంది. విండోస్‌లో డ్రైవ్ అక్షరం నుంచి ఫైలు పేరు చివరి దాకా మొత్తం దారి 260 సంకేతాలు (కంప్యూటర్ లెక్కలో అక్షరాలు) దాటకూడదన్నది పాత నియమం. 2016లో విండోస్ 10 దాన్ని సడలించుకునే వీలు ఇచ్చింది, కానీ మనం ఆన్ చేసుకోవాలి, ప్రోగ్రాము కూడా ఒప్పుకోవాలి. లినక్స్‌లో ఒక్క పేరుకి 255 బైట్లు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి, అంటే 85 సంకేతాలకే సరి. పైగా 'స్త్రీ' కంటికి ఒక అక్షరం, కంప్యూటర్‌కి ఆరు సంకేతాలు, 18 బైట్లు. కవితలకీ వ్యాసాలకీ పూర్తి శీర్షికనే ఫైలు పేరుగా పెట్టేవాళ్ల డిస్కులు విండోస్‌లో బాగానే ఉండి, లినక్స్ పెట్టెలోకి కాపీ చేయగానే 'పేరు మరీ పొడుగు' అని ఆగిపోయేది ఇందుకే. పేరు కుదిస్తే చాలు.

మూడోది కరెంటు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీయాంపియర్లే. పళ్లెం తిరగడం మొదలుపెట్టే క్షణంలో చిన్న డిస్కులు కూడా అంతకు మించి లాగుతాయి. అందుకే ఒకప్పుడు రెండు పోర్టుల నుంచి కరెంటు తీసుకునేలా రెండు యూఎస్‌బీ పిన్నులున్న వై ఆకారం వైర్లు ఇచ్చేవారు. 2008లో యూఎస్‌బీ 3.0 దాన్ని 900కి పెంచింది. మధ్యలో డిస్క్ మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంటే, 'ఐ/ఓ డివైస్ ఎర్రర్' అంటుంటే, ముందు వైరు మార్చి చూడాలి. హబ్ తీసేసి, డెస్క్‌టాప్ అయితే వెనక పోర్టుకి నేరుగా పెట్టాలి.

మాది వైరు గొడవ కాదు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే స్మార్ట్ పట్టిక చూస్తే 197వ వరసలో, అంటే చదవలేక పెండింగులో పెట్టిన సెక్టార్ల లెక్కలో, సున్నా ఉండాల్సిన చోట సున్నా లేదు. డీడీరెస్క్యూ రెండు రాత్రులు నడిచింది. వీడియో వచ్చింది. తలంబ్రాల దగ్గర కొన్ని సెకన్లు మాత్రం పెళ్లికొడుకు ముఖం మీద బూడిదరంగు గళ్లు పడ్డాయి. మా బావ ఆ ముక్క కత్తిరించొద్దన్నాడు.